ఊడ్చిన తోట

మడుగులో చేపలు తేలాయన్న కబురు వచ్చేసరికి గౌరి చేతిలో చీపురుంది.

ముందురోజు చీకటి పడుతుండగా వాన మొదలైంది. ఎండాకాలపు వాన. ఎక్కువసేపు లేదు కానీ, ఉన్నంతసేపూ బిందెలతో కుమ్మరించినట్టు కొట్టింది. తెల్లారి తోటలోకి వచ్చిన ఆడవాళ్లకి జీడిచెట్ల కింద నేలంతా గీతలు కనబడ్డాయి. నీళ్లు కోసుకుంటూ దిగిన గీతలు. సాయంత్రం వాకిలిలా ఊడ్చి వెళ్లిన నేల అది.

"మళ్లీ మొదలు," అంది జీవరత్నమ్మ, చీపురు కర్రని నడుముకి ఆనించుకుని. "మనకి పని తక్కువైపోనాదని పైనున్నాయన కూడా అనుకున్నట్టున్నాడు."

"మాటలాపి బుట్ట ఇటు తే ఒదినా."

"తెత్తన్నాను మేస్త్రమ్మా, తెత్తన్నాను. జీతగత్తిని కదా."

గౌరి నవ్వలేదు కానీ, నవ్వినట్టే చీపురు విసిరింది. పొడవాటి వెదురు కర్రకి కట్టిన కొబ్బరి ఈనెల చీపురు. ఒకరు ఊడ్చాలి, ఒకరు ఆకు బుట్టకెత్తాలి. ఈ తోటల్లో పని జతలుగానే సాగుతుంది. చాలా ఏళ్లుగా గౌరికి జత జీవరత్నమ్మే. ఇద్దరి మధ్య మాట అవసరం లేదు. చీపురు ఆగేచోట బుట్ట ఉంటుంది.

జీడిపిక్క రాలితే కనబడాలి. ఆకులో పడితే సగం పోయినట్టే. అందుకని కాపుకి ముందు తుప్పలు కొట్టి, ఆకంతా ఊడ్చి కుప్పేసి, సాయంత్రం అగ్గి పెడతారు. కాపు నడుస్తున్నన్నాళ్లూ మళ్లీ మళ్లీ ఊడుస్తారు. గౌరి ముఠా ఊడిస్తే చెట్టుకింద విస్తరి లేకుండా అన్నం తినొచ్చని తోట యజమాని వైకుంఠరావు పలాసలో పదిమంది ముందు అన్నాడట. ఆ మాట ఎవరో మోసుకొచ్చి చెప్పిన రోజు గౌరి రెండోసారి చెప్పించుకుని విన్నది.

వాన కోసిన గీతల్ని ఆమె చీపురుతో సాపు చేస్తూ పోతోంది. కింద గెడ్డ వైపు నుంచి కాసులమ్మ పరిగెత్తుకొచ్చింది. ముఠాలో అందరికంటే పెద్దది. తాగునీళ్లకని దిగిన మనిషి ఖాళీ బిందెతో ఎక్కి వచ్చింది.

"ఓలమ్మా! మడుగు సచ్చిపోనాదే! సేపలన్నీ తేలిపోనాయి!"

ఎవరూ చీపుర్లు కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని దిగిపోయారు.

గెడ్డ అంటే కొండల్లోంచి వచ్చే చిన్న ఏరు, ఎండాకాలంలో ఇసక చాలుగా మిగిలిపోతుంది. వైకుంఠరావు తోట గట్టు కింద మాత్రం లోతైన మడుగుంది. అది ఊరిది. శివరాత్రి నుంచి అందులో ఎవరూ వల వెయ్యకూడదు. వర్షాలకి ముందు పెద్దలు ఒక మంగళవారం చెబుతారు. ఆ రోజు ఊరంతా, అవతల ఒడ్డున ఉన్న చర్చి పేట వాళ్లతో సహా, బుట్టలు పట్టుకుని ఒక్కసారి దిగుతారు. కొర్రమేనులు, జెల్లలు, పరిగెలు. ఆ సాయంత్రం ఏ ఇంట్లోనూ పప్పు ఉడకదు. అందాకా మడుగుకి ఒక కాపలాదారు ఉంటాడు. ఇప్పుడు బైరాగి. గౌరి మొగుడు. అతనికి ముందు అతని తండ్రి.

ఆ మంగళవారం దగ్గరికొచ్చేసింది.

మడుగు ఎర్రగా ఉంది. నీళ్లలా లేదు, ఇటుకబట్టీ దగ్గర కలిపిన మట్టిలా ఉంది. దాని మీద తెల్లటి పొట్టలు. కొన్ని ఇంకా చావలేదు. మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి.

ఒడ్డున మగవాళ్లు గుంపుగా ఉన్నారు. బైరాగి కొంచెం ఎడంగా నిలబడ్డాడు. తలకి చుట్టుకునే తువ్వాలు చేతిలో నలిగిపోతోంది. గౌరి వైపు చూడలేదు.

"మందు కలిపీసినారు," అన్నాడు ఎవరో. "ఇది మందు పనే."

అవతలి ఒడ్డున, మడుగు కిందగా, రెండు వెదురు బుట్టలు ఆరబెట్టి ఉన్నాయి. చేపలు పట్టే బుట్టలు. ఆ అల్లిక ఎవరిదో అడగక్కర్లేదు. ఈ చుట్టుపక్కల అలా అల్లేది విలియం ఒక్కడే. అతను జీవరత్నమ్మ మొగుడు.

"నిన్న పొద్దుగూకి, వాన్లో, ఆడిక్కడ నిలబడి ఉన్నాడు," అన్నాడు బైరాగి. తువ్వాలు మెలిపెట్టి మళ్లీ అన్నాడు. "నా కళ్లతో సూసినాను."

జీవరత్నమ్మ గౌరి పక్కనే ఉంది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

"అన్నయ్యా," అంది బైరాగితో. "ఏటి మాటాడుతున్నావు?"

బైరాగి తువ్వాలు తలకి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు.

*

సాయంత్రం పాలకేంద్రం వరండాలో పంచాయితీ జరిగింది. వైకుంఠరావు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఊళ్లో పెద్దమనిషి. పొద్దుట్నుంచి పిక్కల బస్తాలు టెక్కలి లారీకి ఎక్కించి వచ్చాడేమో, కళ్లు వాలిపోతున్నాయి. త్వరగా తేల్చేసి ఇంటికెళ్లి స్నానం చెయ్యాలని ఆయన ముఖం మీద రాసి ఉంది.

"విలియం, నువ్వు అక్కడున్నావా లేదా?"

"ఉన్నాను బాబూ."

"ఎందుకు?"

"మడుగులో కాదు, కిందన ఎట్టిన నా బుట్టలు తీసుకోడానికి ఎల్లినాను."

"మందు కలిపావా?"

"నేదు బాబూ."

"మరెవరు కలిపారు?"

విలియం నేల చూశాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. వరండా కింద నిలబడిన ఆడవాళ్ల వైపు ఒకసారి చూశాడు. గౌరిని చూశాడా, పెళ్లాన్ని చూశాడా తెలియలేదు.

"నాకు తెల్దు," అన్నాడు.

ఊళ్లోవాళ్లు అరిచారు, పేటవాళ్లు అరిచారు. బైరాగి ఆ రెండు బుట్టల్నీ తెచ్చి వరండా ముందు పడేసి, కాలితో తొక్కాడు. వెదురు పుటపుటమంది. విలియం అడ్డం రాలేదు. తన బుట్టలు విరుగుతుంటే వాటిని కాదు, తొక్కుతున్న మనిషినే చూస్తూ ఉన్నాడు.

"మెల్లగా బావా," అన్నాడు. "కాల్లో దిగబడిపోద్ది."

వైకుంఠరావు చెయ్యెత్తాడు.

"ఊరి మాట వినండి. మడుగులో మందు పడేలా చేసినవాడు ఎవడైనా సరే, మనవాడైనా పైవాడైనా, గెడ్డ దిగడానికి లేదు. తోటల్లోకి రావడానికి లేదు. వాడూ రాకూడదు, వాడింటివాళ్లూ రాకూడదు. ఇంతే." లేచాడు. చెప్పులు వేసుకుంటూ గౌరి వైపు తిరిగాడు. "నువ్వు మేస్త్రివి. విన్నావు కదా."

గౌరి తలూపింది. ఊపిన తర్వాత, పక్కన జీవరత్నమ్మ లేదని చూసుకుంది.

*

మర్నాడు గౌరికి జతగా కాసులమ్మ వచ్చింది. కాసులమ్మకి మోకాళ్ల నొప్పులు. గౌరి చీపురు ఆపి వెనక్కి చూస్తే బుట్ట ఇంకా పది చెట్ల అవతల ఉండేది.

"నానేటి ఒయసు పిల్లనా? నీ జత నువ్వు పంపీసుకున్నావు, ఇప్పుడు నా మీద కళ్లెర్ర సేత్తే ఏటి లాభం?"

"నానేటన్నాను?"

"నువ్వేటీ అన్నేదు. నీ సీపురంటాది."

మధ్యాహ్నం అన్నాలకి కూర్చునే ముందు గౌరి చేతులు కడుక్కోవడానికి గెడ్డలోకి దిగింది. మడుగులో చచ్చిన చేపల్ని మగవాళ్లు ఎత్తి గోతిలో పూడ్చేశారు. మందు చేప, కుక్క కూడా తినకూడదన్నారు. నీళ్లు ఇంకా తేరలేదు. ఎరుపు కొంచెం కిందికి దిగి, మీద పలచబడింది. ఒడ్డున ఆమె కాలు ఎప్పుడూ తగిలే గులకరాళ్లు తగల్లేదు. మెత్తగా చీలమండ దాకా దిగబడింది.

కాలు లాక్కుంటూ వంగినప్పుడు చూసింది. మొగలి వేరు మిగిలినచోట, అరచెయ్యంత నీళ్లలో, ఒక కొర్రమేను. బతికే ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది.

మందు పడితే ఇది ఇంకా ఎలా బతికుంది?

చేతిలోకి తీసుకుంది. అది గింజుకోలేదు. ఒకసారి తోక ఆడించి ఊరుకుంది. కాసేపటికి అరచేతిలో బరువు మారినట్టనిపించింది. పోయింది.

ఆమె బొటనవేలు దానంతటదే చేప చెంప కిందికి పోయింది. పెళ్లయిన దగ్గర్నుంచి చేపలు శుభ్రం చేస్తున్న చెయ్యి. మొప్ప ఎత్తి చూడనిదే ఊరుకోదు. మొప్ప ఎర్రగానే ఉంది. కానీ అది నెత్తురు ఎరుపు కాదు. గోటితో గీరితే ముద్దగా వచ్చింది. మట్టి. రాగిరంగు మట్టి. అందులో నల్లటి నలుసులు. వేళ్ల మధ్య నలిపితే మసిలా అంటుకుంది.

కాలిన ఆకు బూడిద.

గౌరి తలెత్తి చూసింది. గట్టు మీద నుంచి తోటలోకి ఏటవాలుగా, చెట్ల వరస మధ్య, వాన కోసిన గీతలు. అన్నీ ఒకచోట కలిసి చెయ్యి లోతు కాలవై మడుగులోకి దిగాయి. కాలవ తలదగ్గర నల్లటి మచ్చ. వానకి ముందు సాయంత్రం ఆమె అగ్గిపెట్టిన కుప్ప అది. దాని చుట్టూ నేల, ఒక్క ఆకు లేకుండా, ఒక్క గడ్డిపరక లేకుండా, నున్నగా.

ఆ గట్టు మీద నిరుటిదాకా మొగలి పొదలుండేవి. తిత్లీ తుపానుకి పెద్దచెట్లు పడిపోయాక, కొత్త మొక్కలు గెడ్డ అంచుదాకా వేశారు. పొదలు కొట్టింది గౌరి ముఠాయే. ముళ్లకి చేతులు చీరుకుపోయి వారం రోజులు పసుపు రాసుకున్నారు. పని బాగుందని వైకుంఠరావు అందరికీ టీ ఇప్పించాడు.

"గౌరీ! అన్నం సల్లారిపోతంది!" పైనుంచి కాసులమ్మ పిలిచింది.

గౌరి చేపని కొంగులో మూటగట్టుకుంది.

*

బైరాగి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చేపల గిన్నె మూతలో దాన్ని పెట్టి అతని ముందుంచింది. మొప్ప ఎత్తి చూపించింది. చెప్పాల్సింది నాలుగు మాటల్లో చెప్పింది.

అతను చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ అలా పక్కకి తిప్పి ఉంచడం కష్టమే.

"అయిపోయిన పంచాయితీ," అన్నాడు.

"మొప్పలో మట్టి ఉన్నాది."

"ఉంటాది. మడుగన్నాక మట్టి ఉండదా?"

"బూడిద ఉన్నాది."

"ఊరంతటి ముందు సెప్పినానే. మా అయ్య కాపలా కాసిన మడుగు. నా సేతుల్లో పోనాది. ఎవడు సేసినాడంటే ఏటి సెప్పమంటావు? నా పెళ్లాం సీపురు సేసినాదని సెప్పమంటావా?"

ఆ మాట తెలిసే అన్నాడో, నోరుజారి అన్నాడో గౌరికి అర్థం కాలేదు. మూతని అక్కడే వదిలేసి ఆమె గెడ్డ దాటి పేటకి వెళ్లింది.

విలియం ఇంటిముందు కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. జీవరత్నమ్మ పొయ్యి దగ్గర్నుంచే చూసింది.

"మేస్త్రమ్మ గారొచ్చినారు. కుర్సీ ఎయ్యండి. నేకపోతే మనింట్లోకి రావొచ్చో రాకూడదో, ముందు ఊరి మాట అడిగి రమ్మనండి."

"ఒదినా..."

"ఒదినేటి? పనిలోంచి తీసీసినదానివి, పేరెట్టి పిలు."

గౌరి అరుగు మీద కూర్చుంది. చేప సంగతి విలియంతో చెప్పింది. అతను కత్తి ఆపలేదు. చీల్చిన పుల్లని ఎత్తి, కన్ను దగ్గర పెట్టి వంకర చూసుకున్నాడు.

"నీకు తెలుసు," అంది గౌరి. "ముందే తెలుసు."

"మట్టి దిగితే బుట్టలు కూరుకుపోతాయని ఎల్లినాను. అక్కడ నిలబడి సూసినాను. తోటలోంచి దిగినవి నీళ్లు కాదు గౌరీ. సోడి అంబలిలాగ చిక్కగా, ఎర్రగా."

"మరి పంచాయితీలో సెప్పనేదేటన్నా?"

"ఏటని సెప్పాల? ఊడ్సిన మట్టి మడుగులో పడ్డాదనా? ఆ మాట నోట్లోంచి వచ్చిన మర్నాడు వైకుంఠరావు బాబు కొడుకు జగదీష్ ఏం సేత్తాడో నీకు తెల్దా? గడ్డిమందు ట్యాంకు కొని సావిట్లో ఎట్టుకున్నాడు. ఒకడు వీపుకి తగిలించుకుని తిరిగితే రెండ్రోజుల్లో తోట సాపు. మీ సీపుర్లు సూరులో ఎట్టుకోడమే. పేట ఆడోళ్లు, ఊరి ఆడోళ్లు, అందరూ నౌపడ ఉప్పు మళ్లకి పోవాల. అక్కడ మాత్రం పనెక్కడున్నాది?"

పొయ్యి దగ్గర ఊదుగొట్టం చప్పుడు ఆగిపోయింది. జీవరత్నమ్మకి కూడా ఇది కొత్త మాట.

"అందుకని దొంగ పేరు మోత్తావా?" అంది గౌరి.

"పేరుకి బరువేటున్నాది? బియ్యం బస్తా మోసినప్పుడు కదా నడుం విరిగేది."

"మోయి, మోయి," అంది జీవరత్నమ్మ గుమ్మంలోకి వచ్చి. "నువ్వు పేరు మోయి, నాను ఖాళీ గిన్నె మోత్తాను. నా పని పోనాది కదా!"

"నీ ఒక్కదాని పని పోనాది."

"నా ఒక్కదానిదే పోవాలా? అంతమంది ఆడోళ్లలో నేనే దొరికినానా దేవుడికి?" అని, హఠాత్తుగా నవ్వింది. నవ్వు సగంలో ఇంకేదో అయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే మనమేనా గౌరీ? మనం ఊడ్సిందేనా అదంతా?"

గౌరి గోళ్లకింద మట్టి ఇంకా ఉంది. దాన్ని ఒక పుల్లతో తీసుకుంటూ కూర్చుంది.

"ఊరుకో," అన్నాడు విలియం, ఆమె లేచి వెళ్తుంటే. "నా మాటిని ఊరుకో."

*

ఊరుకోలేకపోయింది.

పొద్దున్న జీడితోటలో వైకుంఠరావు బస్తాలు కుట్టిస్తుంటే, రాత్రి మూతలోంచి తీసి కాగితంలో చుట్టుకున్న చేపని ఆయన ముందు పెట్టింది. అప్పటికే వాసన వస్తోంది. జగదీష్ ముక్కు మూసుకున్నాడు. వైకుంఠరావు మూసుకోలేదు. వంగి మొప్పలోని మట్టి వేళ్ల మధ్య తీసుకుని నలిపాడు. గట్టు మీద కాలవ దాకా నడిచి, అక్కడి మట్టీ నలిపాడు. కొత్త మొక్కల వేళ్లు బయటపడి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో కదిపి చూశాడు.

"ఇంత పోయిందా," అన్నాడు తనలో. "మొక్కలు నిలబడవు."

"విలియం కలపనేదు బాబూ," అంది గౌరి. "నా సీపురు పని ఇది."

"విలియం సంగతి తర్వాత చూద్దాం. పంచాయితీ అంటే పూటకో మాట కాదు."

"అందుకే నాన్నా, నేను మొదట్నుంచీ చెప్తున్నాను," అన్నాడు జగదీష్. కుర్రాడు చెడ్డవాడు కాదు. తండ్రి కష్టం తగ్గించాలనే అతని తాపత్రయం. "ఊడ్చబట్టే కదా మట్టి పోయింది. గడ్డిమందు కొట్టిద్దాం. ఊడవక్కర్లేదు, మట్టి కదలదు. రేపే తవిటయ్యని పిలుస్తాను. గట్టు దగ్గర్నుంచి మొదలెడదాం, అక్కడే గడ్డి ఎక్కువ."

వైకుంఠరావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అలిసిపోయిన మనిషికి ఎదురుగా ఉన్న మొదటి దారే దారి.

"సరే," అన్నాడు.

విలియం చెప్పినట్టే జరిగింది. అయినా అతని పేరు మీద మచ్చ అలాగే ఉంది.

ఆడవాళ్లు చీపుర్లు భుజాన వేసుకుని దిగారు. ఊరి కుళాయి దగ్గరికొచ్చాక గౌరిని చుట్టుకున్నారు.

"నీ నోరు ఊరుకోలేకపోనాదా?" అంది కాసులమ్మ. "సేపలు ఎలాగూ సచ్చిపోనాయి. ఇప్పుడు మమ్మల్ని కూడా ఆ గోతిలోనే పూడ్సీ."

గౌరి బిందె నిండకుండానే ఎత్తుకుంది.

ఇంట్లో బైరాగి ఆమె వడ్డించింది సగం తిని, చెయ్యి కడుక్కున్నాడు.

"సెప్పీసినాను," అంది గౌరి.

"ఊరంతా తెలిసింది."

చూరులోంచి పొడవాటి వెదురు గడ తీశాడు. మడుగు లోతు చూసే గడ, తండ్రి నాటిది. భుజాన పెట్టుకుని గెడ్డ వైపు వెళ్లిపోయాడు. పొయ్యి పక్కన చేపల గిన్నె మూత కడిగి బోర్లించి ఉంది. తను కడగలేదు.

*

తవిటయ్య పొద్దున్నే ట్యాంకు వీపుకి తగిలించుకుని గట్టు మీదికి వచ్చాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు. జగదీష్ నీళ్ల డ్రమ్ములో మందు కలిపించాడు. వైకుంఠరావు చెట్టు నీడలో నిలబడ్డాడు.

ఆడవాళ్లు కూడా వచ్చారు. ఎవరూ పిలవలేదు. పొద్దున్నే లేచి చీపురు పట్టుకుని ఇటు రావడం అలవాటైన కాళ్లు, వచ్చేశాయి. అవతలి ఒడ్డున పేటవాళ్లు కొంతమంది. వాళ్లలో విలియం, జీవరత్నమ్మ.

మడుగులో బైరాగి ఉన్నాడు. నడుం దాకా ఎర్రగా. గడ గుచ్చుతున్నాడు, తీస్తున్నాడు, రెండడుగులు జరిగి మళ్లీ గుచ్చుతున్నాడు. తవిటయ్య ట్యాంకు మీట నొక్కిన చప్పుడు విని, గడ పట్టుకుని గట్టెక్కాడు. ఒళ్లంతా మట్టి కారుతోంది. ట్యాంకుకి ఎదురుగా వచ్చి గడని నేల మీద అడ్డంగా పెట్టాడు.

"ఏటి బైరాగీ?" అన్నాడు తవిటయ్య తువ్వాలు లోంచి. "నీ మీద పడతాది, జరుగు."

"మందు కొట్టకు."

"ఎవరు కొట్టొద్దన్నారు?" అన్నాడు జగదీష్.

"ఊరు." బైరాగి వైకుంఠరావు వైపు తిరిగాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "మడుగులో మందు పడేలా సేసినోడు ఎవడైనా సరే, మనోడైనా పైవోడైనా, గెడ్డ దిగడానికి నేదు, తోటల్లోకి రావడానికి నేదు. మీ నోటితోనే అన్నారు బాబూ. ఈ గట్టు మీద పడ్డ వాన ఎక్కడికి పోతాదో మొన్న సూసినాం. గడ గుచ్చితే తెలుస్తాది. నా పీక దాకా ఉండే మడుగు ఇప్పుడు నడుం దాకానే ఉన్నాది. ఇక్కడ మందు కొడితే మడుగులో కొట్టినట్టే."

"గడ్డిమందూ, చేపలకి కలిపే మందూ ఒకటేనా?" జగదీష్ విసుక్కున్నాడు.

"నాకు తేడా తెల్దు బాబూ. ఏ మందో ఊరి మాటలో కూడా సెప్పనేదు."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపుకున్నారు.

"నా మాట నాకే అప్పజెప్తున్నావేట్రా," అన్నాడు వైకుంఠరావు.

"నాను కాపలావోణ్ణి. ఇంకేటి సెయ్యగలను?" బైరాగి గడని చూస్తూ అన్నాడు. తర్వాతి మాట మాత్రం అవతలి ఒడ్డుకి వినబడేంత గట్టిగా అన్నాడు. "ఇంకోటి. ఆ రోజు నాను సూసింది మనిషిని. మందుని సూడనేదు."

గెడ్డ అవతల విలియం వంగి, కాలికి తగిలిన ముల్లేదో తీసుకుంటున్నాడు.

వైకుంఠరావు కాలవలోకి దిగాడు. బయటపడ్డ వేరొకటి పట్టుకుని, దాని మీదికి కాలితో మట్టి తోశాడు. తోసినంత మట్టీ జారిపోయింది.

"ట్యాంకు దించీ తవిటయ్యా."

"పైనైనా కొట్టమంటారా బాబూ?"

"దించమన్నాను." గౌరి వైపు తిరిగాడు. "పైన ఊడవండి. గట్టు మీద ఊడవొద్దు. పైన ఊడ్చిన ఆకు తెచ్చి ఇక్కడ పరవండి. అగ్గి పెట్టొద్దు. ఆకులో రాలిన పిక్క ఎలా ఏరుతారు?"

"సేత్తో."

"ఎంత పని అది?"

"తెల్దు బాబూ. ఎప్పుడూ సెయ్యనేదు."

"ఎంతమంది వస్తారు?"

"ఎప్పుడూ వచ్చినోళ్లే," అంది గౌరి.

వైకుంఠరావు అవతలి ఒడ్డుకేసి చూశాడు. కాదనలేదు, అవుననలేదు. చెప్పులు దులుపుకుని తోటలోకి నడిచాడు. గట్టు మీది పంచాయితీ అలా ముగిసింది.

*

ఆ ఏడు మడుగు దిగే రోజు చెప్పలేదు. ఆ మంగళవారం మామూలు మంగళవారంలాగే పోయింది. సాయంత్రం బైరాగి గెడ్డ దాటి పేటలోకి వెళ్లాడని, విలియం ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చుని తనూ వెదురు చీల్చాడని కాసులమ్మ చెప్పింది. ఏమన్నాడని ఎవరో అడిగితే, ఏమీ అనలేదట. ఒకసారి వేలు కోసుకున్నాడట.

తోటలో పని పెరిగింది. పైనుంచి ఆకు బుట్టలతో దించాలి. గట్టు మీద పరవాలి. ఆ ఆకులోకి పిక్కలు రాలతాయి. పూర్వం నేల మీద టక్కుమని పడేవి. చప్పుడు వినే ఏ చెట్టుకిందో చెప్పేవాళ్లు. ఇప్పుడు మెత్తటి చప్పుడు. ఎక్కడ పడిందో తెలియదు. నడుం వంచి ఆకులో వేళ్లు పెట్టి వెతకాలి. పురుగూ పుట్రా ఉంటాయని భయం. జీడి తగిలి వేళ్లు పొక్కులు. సాయంత్రానికి సగం బస్తా కూడా నిండదు. జగదీష్ రోజూ వచ్చి, బస్తాలు లెక్కపెట్టుకుని వెళ్తాడు. ఇలా ఎన్నాళ్లు సాగనిస్తారో ఎవరికీ తెలియదు.

పనిలోకి తిరిగొచ్చిన జీవరత్నమ్మ మొదటి రెండ్రోజులూ గౌరితో మాట్లాడలేదు. బుట్ట మాత్రం చీపురు ఆగేచోట ఉండేది.

ఆ రోజు ఇద్దరూ పైవరస ఊడ్చుకుంటూ దిగారు. గట్టు అంచుకొచ్చారు. కింద మడుగు కొంచెం తేరింది. చేప చప్పుడు లేదు. ముందు ఏటవాలంతా ఆకు, చిందరవందరగా, ముదురు పండ్లు చితికి ఈగలు ముసురుతూ. గౌరి కళ్లకి అది గుచ్చుకుంది. ఎవరైనా చూస్తే ఇది గౌరి ముఠా పనేనా అంటారు.

చీపురు ఒకసారి ముందుకెళ్లింది.

"అక్కడ కాదు మేస్త్రమ్మా," అంది వెనకనుంచి జీవరత్నమ్మ.

"తెలుసు."

"తెలిస్తే సెయ్యెందుకెళ్లినాది?"

ఊడ్చిన ఆ మూరెడు మేరా ఎర్రగా, బోడిగా కనబడుతోంది. గౌరి కర్ర పక్కన పెట్టి, కూర్చుని, జరిపిన ఆకుని రెండు చేతులతోనూ తెచ్చి మళ్లీ అక్కడే పరిచింది. నడుం పట్టేసింది. లేవడానికి జీవరత్నమ్మ చెయ్యి అందించింది. చెట్టు మీంచి ఏదో రాలింది. ఇద్దరూ చెవులు రిక్కించి, ఎక్కడ పడిందో తెలియక, మళ్లీ వంగారు.